ఏ ఊరి కొర్రలు

పిల్లల మ్యూజియం గుమ్మం దగ్గరే ముసలామె ఆగిపోయింది. మనవరాలి మణికట్టు గట్టిగా పట్టుకుని, లోపలికి మెడ సాచి చూసింది.

"లోపల ఏటి సేత్తారు మా గుంటల్ని?"

"ఏమీ చెయ్యరు మామ్మా. ఆడుకోడానికే. డబ్బులు కూడా అక్కర్లేదు," అన్నాను.

"ఊరకే ఎవులాడుకోనిత్తారు? ఫొటోలు తీసి ఎక్కడో ఎట్టుకుంతారు."

ప్రవేశం ఉచితమని ఫోనులో చెప్పినప్పుడు నాకూ నమ్మకం కలగలేదు. మూడుసార్లు అడిగితే, అవతలి గొంతు విసుక్కుని పెట్టేసింది.

పెదబయలు దాటాక కొండ మీదున్న ఆ ఊరి బాలవాడికి నేను టీచరుగా వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. మాది శృంగవరపుకోట వైపు మైదానం. నలుగురిలో నోరు తెరవాలంటే నాకు బెరుకు. సాయంత్రాలు గది అరుగు మీద కూర్చుని డైరీ రాసుకునేదాన్ని. కొన్నాళ్ళకు ఆ దారిన వెళ్ళే ఆడవాళ్ళు నన్ను చూసి అడుగు నెమ్మదిగా వెయ్యడం గమనించాను. ఓ రోజు ఈ ముసలామే వచ్చి నిలబడి, "మా ఊరి గురించేటి రాత్తన్నావు ఆఫీసుకి?" అని అడిగింది. చదివి వినిపించాను. ఆ పేజీలో వాన గురించి, నా పంటినొప్పి గురించి ఉంది. "ఇంకో పేజీలో ఉంటాది లే," అని వెళ్ళిపోయింది.

ఆమె ఊరి పూజారికి అక్క. తన మనవరాలిని బాలవాడికి పంపాకే మిగతా ఎనిమిది మంది పిల్లలూ వచ్చారు. ఆమె మానిపిస్తే అందరూ మానేస్తారు. నాకు ముందున్న టీచరు హయాంలో ఏదో తేడా వచ్చి, వారం తిరిగేలోగా బాలవాడి ఖాళీ అయిందట. ఆ తేడా ఏమిటో నేనెంత అడిగినా ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఏ మాట ఎక్కడ తప్పుతానోనని నాకు లోపల్లోపల బెదురే.

పిల్లల్నీ తల్లుల్నీ జీపెక్కించి నేను తీసుకొచ్చిన ఆ మ్యూజియం అరకు చివర ఒక పాత గెస్ట్‌హౌస్‌లో ఉంది. రెండేళ్ళ నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల కోసం మూడు గదులు. దూరి ఆడుకోడానికి వెదురు గుడిసె, వాయించడానికి డప్పులు, వాసన చూడడానికి కాఫీ గింజలు, పిప్పళ్ళు. ఏదైనా ముట్టుకోవచ్చు. మమ్మల్ని తిప్పి చూపించే అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. తనదీ కొండ ఊరే, అనంతగిరి వైపు. మేము ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మారగానే ఆమె వెనక్కి వెళ్ళి కర్ర బొమ్మలు లెక్కపెట్టుకునేది. మా వాళ్ళు అది చూశారు. ఒక తల్లి తన చీరకొంగు దులిపి చూపించి, "ఏటీ నేదు, సూసుకో," అంది. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది.

మూడో గదిలో కర్ర తొట్టె నిండా పొట్టు తియ్యని కొర్రలు పోసి ఉంచారు. పిల్లలు మోచేతుల దాకా చేతులు ముంచారు. నెత్తిన పోసుకున్నారు. ఒక గుంటడు ఏకంగా తొట్టెలోకి ఎక్కి కూర్చున్నాడు. ఎనిమిది నెలల్లో వాళ్ళంత గట్టిగా నవ్వడం నేను వినలేదు. అంతలో ముసలామె మనవరాలు గుప్పెడు గింజలు నోట్లో వేసుకుంది.

"ఉమ్మీ! ఉమ్మీయే గుంటా!"

ముసలామె వేలు పెట్టి నోరంతా కెలికింది. పిల్ల అప్పటికే మింగేసి, నాలుక చాపి చూపించింది. ముసలామె చిటికెడు గింజలు అరచేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూసింది. ఆమె భయం దేనికో గదిలో ఉన్న తల్లులందరికీ అర్థమైంది. కాస్త ఆలస్యంగా నాకూ అర్థమైంది.

ఆ కొండల్లో కొత్త పంట చేతికి రాగానే తినరు. రోజులు లెక్కగట్టే దిసారి మంచిరోజు చెప్పాలి, పూజారి ఊరి దేవతకి పెట్టాలి, ఆ రోజే ఊరంతా కలిసి తినాలి. ఆ పండగని కొత్త అంటారు. మామిడికో కొత్త, చిక్కుడుకో కొత్త, కొర్రకో కొత్త. ఆ పండగ కాకముందే ఎవరు కొత్త గింజ నోట పెట్టినా దేవతకి కోపం వస్తుంది, ఊళ్ళో పిల్లలకి జ్వరాలొస్తాయి. ఆ ఏడు మా ఊళ్ళో కొర్ర కొత్త ఇంకా కాలేదు.

"ఏ పిల్లా, ఇయ్యి పాతవా, కొత్తవా?" అని ముసలామె మ్యూజియం అమ్మాయిని అడిగింది.

"పాతవే అమ్మా. కిందటేటివి."

"కిందటేటివైతే ఇలగ మెరుత్తన్నాయేటి?"

"ఎండబెట్టాం కదమ్మా."

"ఎండబెడితే పాతది కొత్తదైపోద్దేటి? అయితే నన్నూ ఎండబెట్టు, సూద్దారి!"

తల్లులు నవ్వారు. ముసలామె నవ్వలేదు. చిటికెడు గింజలు కొంగున ముడేసుకుని, పిల్ల నోరు కడిగించడానికి బయటి కుళాయి దగ్గరకు తీసుకెళ్ళింది.

ఆ అమ్మాయి నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. "మేడమ్, పాతవాటికి పురుగు పట్టీసింది. మొన్న మా ఇంటికాడ నుంచి తెచ్చి పోసాను. మా ఊళ్ళో కొత్త అయిపోయింది, మేం తింతన్నాం. మీకు అవలేదని నాకేటి తెలుసు? సెప్పకండి మేడమ్. మా సారుకి తెలిస్తే నన్ను తీసీత్తారు."

ఒక్కో ఊరికి ఒక్కో రోజు కొత్త అవుతుంది. ఆమె ఇంట్లో అది అన్నం. మా పిల్లకి అది తప్పు. చెబితే బాలవాడి ఖాళీ అవుతుంది, ఈ అమ్మాయి కొలువు పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ వానాకాలం, పిల్లలకి ఎలాగూ జ్వరాలొస్తాయి. ఆ కొంగు ముడి పూజారి ముందు విప్పితే, ఆయన ఒక్క చూపులో పోల్చేస్తాడు. అప్పుడు అబద్ధంలో నాకూ వాటా ఉంటుంది.

తిరుగు దారిలో పాడేరు దాటాక డ్రైవరు టీ తాగుతానని జీపు ఆపాడు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు. ముసలామె కిందికి దిగి రోడ్డు పక్క రాయి మీద కూర్చుంది. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"మామ్మా, అవి కొత్తవే."

ఆమె తలెత్తలేదు. "నీకెప్పుడు తెలిసింది?"

"మీరు కుళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు."

"అప్పుడే సెప్పలేదేటి?"

"భయమేసింది."

"నానేటి, పులినా?"

ఆ అమ్మాయి చెప్పిందంతా చెప్పాను. ముసలామె వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. "ఆళ్ళకి అయిపోనాదంటే ఆ పిల్ల తప్పు నేదు. మనకే తగిలింది. తప్పు తీర్చడానికి మా తమ్ముడు ఓ గుడ్డు అడుగుతాడు."

"బాలవాడిలో గుడ్లున్నాయి, ఇస్తాను."

"అట్టల్లో ఒచ్చీ గుడ్డు అమ్మోరికా? దాన్నెట్టిన కోడి మొకం ఎవుడు సూసాడు?" అని, లేచి చీర దులుపుకుంది. "గుడ్డు నాను సూసుకుంతాను. ఊళ్ళో మాట మాత్రం నువ్వే సెప్పాలి. నాను సెప్పను."

మర్నాడు పొద్దున్న పూజారి వాకిట్లో ఊరు సగం చేరింది. నేను చెప్పాను. పూజారి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "గట్టిగా సెప్పమ్మా, అమ్మోరికి ఇనబడాల," అన్నాడు. రెండోసారి చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు, నమ్మినట్టూ కనిపించలేదు. "ఇన్నాళ్ళూ ఇంకేటేటి దాసిందో," అని వెనక నుంచి ఎవరో అన్నారు. గుడ్డు పని లోపల జరిగింది. నన్ను రమ్మనలేదు.

ఆ మర్నాడు తొమ్మిదింటికి బాలవాడి తెరిచాను. పదిన్నర దాకా ఒక్కరూ రాలేదు. పెట్టె సర్దుకోవాలా అనుకుంటుండగా ముసలామె మనవరాలిని తీసుకుని వచ్చింది. కాస్త దూరంగా మిగతా తల్లులు, పిల్లలు. ముసలామె పిల్లని చాప మీద దింపింది కానీ వెనక్కి వెళ్ళలేదు. నేరుగా వంటగదిలోకి వెళ్ళి బియ్యం బస్తా మూతి విప్పించింది, గుప్పెడు తీసి వాసన చూసింది.

"ఇది ఏ ఊరి బియ్యం?"

"తెలీదు మామ్మా. ఆఫీసు నుంచి వస్తాయి."

"తెలుసుకునొచ్చీదాకా పొయ్యెక్కించకు," అంటూ చంకలోని మూట విప్పింది. అందులో ఇంటి నుంచి తెచ్చిన పాత సామలున్నాయి. ఆ రోజు పిల్లలకి సామలన్నమే వండాం. అది ఉడికేదాకా ఆమె గుమ్మంలోంచి కదల్లేదు.

మర్నాడు పొద్దున్నే జీపెక్కి పెదబయలు వెళ్ళాను. బియ్యం ఏ ఊరివని ఆఫీసు స్టోరు గుమస్తాని అడిగాను. ఆయన రాస్తున్న పెన్ను పక్కన పెట్టి, నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"ఎందుకమ్మా? ఎవరైనా కంప్లయింట్ పెట్టారా?"