శబ్దం లేని వీడియోలో వదిన చదివిన మాట

మందుల ప్రయోగ ఫలితాలను తనిఖీ చేయడం నా వృత్తి. ఇంట్లో ఎవరో నడుస్తున్న చప్పుడు వినిపిస్తోందని ఎవరైనా అంటే, ఇల్లు వేడిచేసే ఫర్నేస్ ఎన్నాళ్ళ క్రితం మార్పించారని అడిగే మనిషిని. దెయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఇది రాస్తున్నప్పుడూ నమ్మడం లేదు. జరిగినది జరిగిన క్రమంలో చెబుతాను.

మేముండేది అమెరికాలోని అరోరాలో. మా వారి అక్క, అంటే మా వదిన, చిన్నతనంలో జ్వరం వచ్చి వినికిడి పోగొట్టుకుంది. మాట పోలేదు. ఎదుటివారి పెదవులు చూసి తెలుగు ఇట్టే చదివేస్తుంది. మా వీధి చివరే కూతురు సాహితి దగ్గర ఉంటుంది. ఇక్కడే పుట్టి పెరిగిన సాహితి మా వారిని మామ అంటుంది. ఆ పిలుపు వినీ వినీ ఇంట్లో అందరికీ ఆయన మామే అయ్యారు.

కిందటి చలికాలం, వినికిడి లేని తెలుగు పిల్లల అభ్యాసానికి చిన్న వీడియోలు చేయవచ్చేమోనని ప్రయత్నించాను. మనం రాసిన వర్ణనను ఏపీఐ ద్వారా, అంటే చిన్న ప్రోగ్రాంతో, ఒక ఏఐ వెబ్ సర్వీసుకు పంపితే, అది కొన్ని సెకన్ల వీడియో తయారుచేసి ఇస్తుంది. శబ్దం ఉండదు. అందులో కనిపించేవారు నిజం మనుషులు కారు. నేను అడిగిన మాటే వారి పెదవులు పలుకుతున్నాయా అన్నది వదిన తేల్చాలి. పరీక్ష పద్ధతిగా ఉండాలని, ఏ మాట అడిగానో ముందుగా చెప్పేదాన్ని కాదు.

వదిన తీర్పులు నిర్దాక్షిణ్యంగా ఉండేవి. “ఈవిడ మాట్లాడట్లేదే, చూయింగ్ గమ్ నములుతోంది.” “ఈయనకి కట్టుడు పళ్ళు జారిపోతున్నాయి, ముందు డెంటిస్ట్‌కి చూపించు.” మా వారు పక్కన కూర్చుని నవ్వేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఈ వర్ణన పంపాను: ఆకుపచ్చ స్వెటర్ వేసుకున్న నడివయసు తెలుగు స్త్రీ కిటికీ పక్కన నిలబడి ‘నమస్కారం’ అంటుంది, బయట మంచు కురుస్తోంది.

వచ్చిన వీడియో చూసి వదిన ఎప్పటిలా వెక్కిరించలేదు. మళ్ళీ పెట్టమంది.

“పాప లేదు అంటోంది.”

సాహితికి అప్పుడు ఏడో నెల. అంతకుముందు ఒకసారి గర్భం నిలవలేదు. ఈసారి ఆడపిల్ల అని తెలిసిన నాటినుంచి వదిన ప్రాణమంతా ఆ బిడ్డ మీదే ఉంది.

“వదినా, ప, బ, మ మూడింటికీ పెదవులు ఒకేలా మూసుకుంటాయి. ద, డ తేడా నాలుకది, బయటికి కనపడదు. నువ్వు ‘పాప లేదు’ అని చదివింది ‘మామ లేడు’ కూడా అవ్వచ్చు. అంటే అది ఏ మాటా కాదు” అని, ఆ మాటలు కాగితం మీద రాసి చూపించాను.

“మధ్యలో నన్నెందుకు చంపుతావు?” అన్నారు మా వారు.

సాహితి స్కాన్‌కి వెళ్ళేదాకా వదిన అన్నం ముట్టలేదు. “అమ్మా, ఇట్స్ జస్ట్ ఏఐ! బేబీ ఫైన్, నువ్వు తిను ప్లీజ్” అని సాహితి విసుక్కుంటూనే వెళ్ళి వచ్చింది. స్కాన్‌లో అంతా బాగుంది. నేను చెప్పిందే నిజమైందనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక ఉదయం, డ్రైవ్‌వేలో మంచు తోస్తూ మా వారు కూలిపోయారు. గుండె ఆగిపోయింది. ఆసుపత్రిలో డాక్టర్ నాకు ఆ సంగతి చెప్పి వెళ్ళిన కాసేపటికి వదిన, సాహితి కారిడార్‌లోకి వచ్చారు. వదిన నా ముఖంలోకి చూసింది. ఆమెకు గొంతుతో పని లేదు గనుక పెదవులతోనే చెప్పాను.

“మామ లేడు.”

వదిన గిరుక్కున తిరిగి రెండు చేతులతో సాహితి కడుపు పట్టుకుంది. “పాపకేమైంది? పాపకేమైందే?” అని కారిడార్ అంతా వినిపించేలా అరిచింది. నేను మెడలోని మంగళసూత్రం పైకి తీసి చూపించాక గానీ ఆమెకు అర్థం కాలేదు.

నా వెనక కిటికీ ఉంది. బయట మంచు కురుస్తోంది. నా ఒంటి మీద ఆకుపచ్చ స్వెటర్ ఉంది.

ఇవేవీ సాక్ష్యం కావు. అరోరాలో ఫిబ్రవరిలో మంచు కురుస్తుంది. స్వెటర్ నాది, వర్ణన రాసిందీ నేనే. ఒకసారి భయంతో చదివిన మాటను వదిన రెండోసారీ చదివి ఉండవచ్చు. ఒక్కటి మాత్రం కొరుకుడు పడదు. ఆ ఆదివారం ఉదాహరణకి చెప్పింది తప్పిస్తే, పెళ్ళయిన నాటినుంచి మా వారిని ఎవరి ముందూ ఏకవచనంలో అనలేదు. ‘లేరు’ అనవలసిన దాన్ని ఆ రోజు ‘లేడు’ అన్నాను.

తరువాత అదే వర్ణనను, అవే సెట్టింగులతో మళ్ళీ పంపాను. ప్రతిసారీ వేరే స్త్రీ వచ్చింది, చక్కగా నమస్కారం చెప్పింది. ఈలోగా ఆ సర్వీసువాళ్ళు పాత ఏఐ మోడల్ తీసేసి కొత్తది పెట్టారు కాబట్టి, ఇదీ దేన్నీ రుజువు చేయదు.

పాత ఫైల్ నా దగ్గరే ఉంది. దాన్ని ఆపి ఆపి చూశాను. ‘నమస్కారం’ చివర పెదవులు మూసుకోవాలి. ఆమె పెదవులు మొదట్లోనే వెంటవెంటనే రెండుసార్లు మూసుకుంటాయి, చివర గుండ్రంగా ముందుకొచ్చి తెరుచుకునే ఉండిపోతాయి. ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలిసినట్టు నటించలేను.

పాప క్షేమంగా పుట్టింది. వదిన ఇప్పుడు నా పెదవుల వంక చూడదు. పాప నిద్రపోయిందని చెప్పబోయినా సరే, ముఖం పక్కకు తిప్పుకుని ఫోన్ నా చేతికిస్తుంది.

“టైప్ చెయ్.”