పగలు నిద్ర రాదని రాసిచ్చాను

ఆ ఉదయం తొమ్మిది గంటలకు, సూరత్ పక్కనున్న హజీరా రేవు దగ్గర, ఓడ నడుపుతూ నిలబడే నిద్రపోయాను. నేను సెకండ్ ఆఫీసర్‌ని. కళ్లు తెరిచేసరికి దారి గుర్తుగా నీళ్లలో తేలే బోయాను ఓడ రాసుకుంటూ పోతోంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నా అదృష్టం, అంతే.

గంట ముందు నుంచే కళ్లు మూతలు పడుతున్నాయి. ఫోన్ ఎత్తి కెప్టెన్‌ని పిలిస్తే సరిపోయేది. పిలవలేదు. "తెలియనివాడితో భయం లేదు, వాడు అడుగుతాడు. నీతోనే నాకు భయం," అన్నాడాయన తర్వాత. మా నాన్న పనిచేసిన జోల్వా మిల్లులో మగ్గం పనివాళ్లు చాయ్‌కి వెళ్తూ తమ మగ్గాలను పక్కవాడికి అప్పగిస్తారు. ఆయన ఒక్కరోజూ అప్పగించలేదు. చాయ్ తెప్పించుకుని మగ్గాల మధ్యే నిలబడి తాగేవాడు. అదే మగతనమని నేర్చుకున్నాను.

ఆ తర్వాత పరీక్షకు వెళ్తే, సూరత్‌లో డాక్టర్ పగటి నిద్ర గురించి ఒక ఫారం ఇచ్చారు. టీవీ చూస్తుంటే నిద్ర వస్తుందా, బస్సులో వస్తుందా? అన్నిటికీ లేదని రాశాను, మళ్లీ ఓడ ఎక్కనివ్వరేమోనని. "స్కోర్ నార్మల్," అన్నారు. బీపీ మాత్రలతో ఇంటికొచ్చాను. పొద్దున లేచేసరికే ఒళ్లంతా అలసట.

మూడు వారాలకు నవాగామ్ నుంచి బార్డోలీ వెళ్తూ బండి మీద తూగాను. చెరుకు చేలోకి పోయాం. వెనక కూర్చున్న నా భార్య లక్ష్మి మణికట్టు విరిగింది.

ప్లాస్టర్ చేత్తోనే నన్ను మళ్లీ ఆ డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లింది. ఆయనకు హిందీలో అంతా చెప్పి నా వైపు తిరిగింది.

"నిద్రల నీ ఊపిరి ఆగితే పదేండ్ల సంది లేపుతున్న. ఓడ మీద ఎవలు లేపుతరు? జర నోరు తెరువయ్యా!"

ఫారంలో రాసింది అబద్ధమని చెప్పాను.

రాత్రంతా నిద్రను గమనించే స్లీప్ స్టడీ చేశారు. "సివియర్ స్లీప్ అప్నియా, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు. మీరు పడుకుంటున్నారు, నిద్రపోవడం లేదు," అన్నారు డాక్టర్. పడుకున్నప్పుడు ముక్కులోకి గాలి ఊదే సీప్యాప్ మాస్క్ ఇచ్చారు. ఊపిరాడనట్టు అనిపించి నెల రోజులు పీకేశాను. లక్ష్మి ఒంటిచేత్తో మళ్లీ తగిలించేది.

ఇప్పుడు మాస్క్ అలవాటైంది. ఫిట్‌నెస్ పరీక్షలో ఉన్నదున్నట్టు చెప్పాను, ఇప్పుడప్పుడే ఓడ ఎక్కొద్దన్నారు. ఒడ్డునే ఆఫీసులో పనిచేస్తున్నాను. సముద్రం మీద బెంగ ఉంది. లక్ష్మి చేయి మాత్రం ఇప్పటికీ పూర్తిగా తిరగదు, చపాతీ పిండి నేనే కలుపుతాను.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీ పక్కన పడుకునే మనిషిని తీసుకెళ్లండి. ఫారం వాళ్ల చేతే నింపించండి. మొదటిసారికే తీసుకెళ్లండి.