దిష్టి లేదని తేల్చిన మిరపకాయలు

మా చిన్నప్పుడు... పిల్లలకు ఏం వచ్చినా మా ఇంట్లో మొదటి పరీక్ష ఎండుమిరపకాయలతోనే! గుప్పెడు కాయలు తల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసేవాళ్ళు. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు, వస్తే తగలనట్టు.

నేను ఆరో తరగతిలో ఉండగా రోజూ బడి గంట వినగానే కడుపునొప్పి, చేతుల వణుకు. అమ్మ కల్లంలోంచి అప్పుడే తెచ్చిన కొత్త కాయలు తిప్పి పొయ్యిలో వేసింది. మా గుంటూరు కాయ ఊరుకుంటుందా! వీధి వీధంతా దగ్గింది... నాన్న కళ్ళు తుడుచుకుంటూ తీర్పు చెప్పేశారు.

"దిష్టీ లేదు, పాడూ లేదు. అన్నీ దొంగవేషాలు. బడి మాన్పించి మిరపకోతకు పంపుదాం."

నాకేమో బడంటే ప్రాణం. వెళ్ళాలని ఉంటుంది, కాళ్ళు కదలవు.

ఈ కబురు మా రూతమ్మ టీచరు చెవిన పడింది. ఆవిడ పద్ధతే వేరు... ఎక్కాలంటే హడలిపోయే మా తరగతి రమణకు బడి గంట కొట్టే పని అప్పజెప్పారు, వాడు హుషారైపోయాడు. నన్ను వారం రోజులు తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. వణుకు తగ్గలేదు. తిన్నగా మా ఇంటికొచ్చి, గుంటూరులో మానసిక డాక్టరుకు చూపిద్దామన్నారు.

"అమ్మో! ఊళ్ళో పిచ్చిదంటారండీ!" అంది అమ్మ.

"జ్వరమొస్తే ముందు కషాయం కాచిస్తారు. తగ్గకపోతే ఊళ్ళో ఆరెంపీ డాక్టరుకు చూపిస్తారు. ముదిరితే గుంటూరు తీసుకెళ్ళరూ? ఇదీ అంతేనమ్మా," అన్నారు టీచరు.

డాక్టరుగారు మెల్లగా అడిగితే అప్పుడు బయటపడింది. మా నాయనమ్మ నేను బడిలో ఉండగా పోయింది. మళ్ళీ బడికెళితే అమ్మ కూడా పోతుందని నా భయం. ఆ మాట విని అమ్మ నన్ను వాటేసుకుని ఏడ్చేసింది.

తర్వాత కొన్నాళ్ళు నెలకోసారి గుంటూరు బస్సెక్కాం. మధ్యాహ్నం అన్నం బెల్లు కాగానే ఇంటికి పరిగెత్తి అమ్మను చూసి రావడానికి టీచరు ఒప్పుకున్నారు. "ఉన్నానే తల్లీ, ఇంక పో!" అని తరిమేది అమ్మ.

ఒకరోజు తొక్కుడుబిళ్ళ ఆటలో పడి వెళ్ళడమే మరిచిపోయాను. సాయంత్రం చూస్తే అమ్మ వాకిట్లో నిలబడి ఉంది.

"ఏమే, ఇవాళ నేనున్నానో లేదో చూడవా?" అంటూ ఒకటే నవ్వు... ఆ రోజు ఇద్దరికీ పండగే.

ఇప్పుడు మా అమ్మాయి బడిలో కౌన్సెలింగుకు ప్రత్యేకంగా గదే ఉంది. చాలా సంతోషం. కానీ పిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టి ఒకటే ఉపన్యాసం ఇచ్చి పంపేస్తుంటే, ఎవరికి ఎంత కావాలో చూసి చేసిన ఆ మనిషి గుర్తొస్తారు...

ఆవిడ ఆ రోజు మా గడప తొక్కకపోతే ఈ నాలుగు ముక్కలు రాయడం కూడా నాకు వచ్చేది కాదు.

మీ గడప తొక్కిన టీచరు ఎవరండీ?