గాజులు చప్పుడు చేయని సీను

నా భార్య పోయిందని విని మొన్న పొద్దున్నే నలుగురు మా ఇంటికి పరామర్శకు వచ్చారు. తలుపు తీసింది నా భార్యే. వచ్చినవాళ్లు గడపలోనే నిలబడ్డారు. ఆమె వాళ్లను కూర్చోబెట్టి, సంగతేందో అడిగి తెలుసుకుని, నా దగ్గరికి వచ్చింది. "గద్వాల చెల్లె పోయిందంట. చెప్పులేస్కో, పోదం" అంది.

వనపర్తిలో ఇది కొత్త కాదు. మా సినిమా వచ్చిన కొత్తలో బస్టాండులో ఒకాయన నా భుజం తట్టి, "నువ్వు సచ్చినవ్ గద" అని నిలదీశాడు. అవును, సచ్చాను. మీలో చాలామంది ఆ చావు చూసి ఏడ్చారు కూడా. ఆ సినిమాలో, చీర మగ్గం మీద సగంలో ఉండగానే పోయే నేతగాడిని నేను. నా పెళ్లాంగా వేసిన గద్వాల మనిషే ఇప్పుడు నిజంగా పోయింది.

ఆమె మాకు దొరికిన తీరు చెప్పాలి. గద్వాలలో ఒక గల్లీ పొడుగునా పడుగు సాగదీసి ఉంది. మా బండి హారన్ మీద హారన్ కొట్టింది. దారాల అవతలి నుంచి ఒకామె, "జర ఆగుండ్రి. పోగు తెగితే మీ హారన్ అతుకుతదా?" అంది. దర్శకుడు బండి దిగి, ఈమే కావాలన్నాడు. ఆమె మగడు మాటలు తక్కువ మనిషి. "యాక్టింగంటే ఒర్రుడు, అరుసుడే గద, ఇంట్ల రోజూ చేస్తవ్. పో" అని పంపాడట.

నేను నాటకాల్లో రంగు పూసుకుని ముదిరినవాణ్ణి. ఆమెకు తెలిసిన రంగులన్నీ నూలు రంగులే. మాట్లాడుతుంటే వేళ్లు గాలిలో దారం చుట్టేవి. మొదటిరోజే నన్ను అన్నా అంది, దాంతో ఆమె మగడు నాకు బావ అయ్యాడు. కెమెరా ముందు కూడా అన్నా అనేసేది. దర్శకుడు తల పట్టుకుంటే, "ఏం చేయాలె సారూ, మొగని పేరు చెప్పరాదు, అన్నను అన్నా అనొద్దంటవ్" అని కసిరింది.

ఇక నా చావు. ధరూర్ దగ్గర ఒక ఊళ్లో, ఒక ఇంటి ముందు, నన్ను పాడె మీద పడుకోబెట్టి ముక్కుల్లో దూది పెట్టారు. ముందురోజే బావకు ఊపిరాడక దవాఖానలో చేర్చారు. ఆమె అక్కడి నుంచే వచ్చింది. గాజులు పగలగొట్టే సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. మా దిక్కు అది పదోనాటి పని. దర్శకుడికి మాత్రం శవం పక్కనే కావాలి. రాయి చేతికిస్తే ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నా మొగడు దవాఖానల ఉన్నడు. నాతోని కాదు."

నటనే కదమ్మా అని దర్శకుడు బతిమాలాడు, ఎండ పోతోందన్నాడు, చివరికి గొంతు పెంచాడు. ఇంకొకరు, ఆ గాజులు మీవి కావు, మేం తెచ్చినవే అని నచ్చజెప్పారు.

"చెయ్యి నాదే గద" అంది.

నేను కళ్లు మూసుకుని వింటున్నాను. ముక్కు మీద ఈగ వాలింది, శవానికి తోలే హక్కు లేదు.

అంతలో జనంలో నుంచి ఒక విధవరాలిని పట్టుకొచ్చారు. ముఖం కనపడదు, చేతులు చాలు అన్నారు. ఆమె బోసి చేతులకు గాజులు తొడగబోతుంటే మా చెల్లె గొంతు వినిపించింది. అరవలేదు.

"తొడిగి మళ్ల పగలగొడుతరా? ఒక్కపారి ఏడ్చింది సాలదా ఆమెకు?"

అప్పుడే ఎవరిదో ఫోను మోగింది. దవాఖాన నుంచేనని అందరికీ అనిపించింది. నాకూ అనిపించింది, పాడె మీద నా కాళ్లు చల్లబడ్డాయి. అది భోజనాలు తెచ్చేవాడి ఫోను. ఆ సంగతి తేలేలోపు ఆమె మనసు ఎంత దూరం పోయి వచ్చిందో నాకు తెలియదు. వచ్చి నా పక్కన కూలబడి, "తియ్యుండ్రి" అంది.

ఆ తర్వాతిది మీకు తెలుసు. సినిమాలో అత్త వేషం వేసినామె రాయి పట్టుకుని వస్తుంది. మా చెల్లె ఒక చేతి గాజుల్ని రెండో చేత్తో, కొంగు కింద, బిగించి పట్టుకుంటుంది. ఏడవదు. తల పైకెత్తి వద్దన్నట్టు ఊపుతుంది. గాజుల చప్పుడే వినపడదు. నేను మాత్రం ఆ సీను థియేటర్లోనే చూశాను. పక్కనే ఉన్నాను గానీ, అప్పటికి పోయి ఉన్నాను.

అంత గొప్పగా ఎట్లా నటించావని ఎవరు అడిగినా, "నటించలే. వద్దన్న" అనేది. నలభై ఏళ్ల నాటకాలు నేర్పనిది నాకు ఆ రెండు మాటలు నేర్పాయి.

ఆ సాయంత్రం దవాఖానకు పోతే బావ లేచి కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నన్ను చూసి, "సాగనంపినరా నిన్ను?" అన్నాడు. ఆ సినిమా ఆయన ఇప్పటిదాకా చూడలేదు. ఇంకొకని పక్కన కూసోని ఏడిస్తే నేనేంది సూసేది అంటాడు.

మొన్న మేం గద్వాల పోయేసరికి ఆడవాళ్లు చెల్లె రెండు చేతులకూ నిండా పచ్చగాజులు తొడిగారు. బావ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పాడె లేపేటప్పుడు గాజులు గల్లుమన్నాయి. ఆయన లేచి వచ్చాడు. ఆమె కొంగు కిందికి చెయ్యి పోనిచ్చి, వాటిని పట్టుకుని పక్కనే నడిచాడు. ఒకప్పుడు పడుగు సాగదీసిన ఆ గల్లీ చివరిదాకా మళ్లీ చప్పుడు కాలేదు.