మా మామ కిలీనర్ పని

1990 వానాకాలంలో నాకు హెల్త్ సూపర్‌వైజర్‌గా ప్రమోషన్ ఇచ్చి ఆర్మూర్ దగ్గరి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేశారు. ఊళ్ళల్లో టీకాలు వేసే నర్సమ్మల పని చూసుకునే ఉద్యోగం అది. పేరుకు అధికారం, తీరా చూస్తే నర్సమ్మ లేని ఊరికి సూపర్‌వైజరే పోయి సూది వేయాలి. ముప్కాల్ వైపు నాలుగైదు ఊళ్ళు అట్లా నా మెడకు పడ్డాయి.

బుధవారం టీకాల రోజు. టీకా మందుకు చల్లదనమే ప్రాణం. పొద్దున్నే ఫ్రిజ్‌లోంచి సీసాలు తీసి, చుట్టూ మంచు ప్యాకులు పేర్చిన పెట్టెలో సర్దుకుని బయలుదేరాలి. ఆ మంచు కరిగి పెట్టె వేడెక్కిందంటే మందు పారబోయాల్సిందే. బస్సు కోసం నిలబడితే దారిలోనే సగం మంచు నీళ్ళయ్యేది. అందుకని మా ఆయన ఒక పాత స్కూటర్ కొనిచ్చాడు. ఆయన లారీ డ్రైవరు. పసుపు బస్తాలతో సాంగ్లి పోతే వారం దాకా ఇంటి మొహం చూసేవాడు కాదు. ఉన్న రెండు రోజుల్లోనే నాకు బండి నడపడం, ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దడం, కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నటి జెట్‌ను నోటితో ఊది శుభ్రం చేయడం నేర్పాడు.

ఇక మిగిలింది పెట్టె సంగతి. స్కూటర్ ముందర పెడితే కాళ్ళకు అడ్డం, వెనక కడితే గుంతల్లో ఎగిరి సీసాలు పగులుతాయి. ఎవరైనా వెనక కూర్చుని ఒళ్ళో పట్టుకోవాలి. ఇంట్లో ఖాళీగా ఉన్న మనిషి మా మామ ఒక్కడే.

మా ఇంట్లో కోడలు మామ ముందర మంచం మీద కూర్చోదు, ఎదురుపడితే పక్కకు తప్పుకుంటుంది. అలాంటిది ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని, ఆయనకు వీపు పెట్టి, ఆర్మూర్ బజారు నడుమ నుంచి పోవాలి. మొదటి బుధవారం బండి స్టార్టు చేసి కూడా సీటు మీద కూర్చోలేక నిలబడ్డాను. మామ రుమాలు గట్టిగా చుట్టుకుని పెట్టె ఎత్తుకున్నాడు.

"కూసో బిడ్డా. బండెక్కినంక మామ లేడు, కోడలు లేదు. నువ్వు డ్రైవర్‌వు, నేను కిలీనర్ను" అన్నాడు.

ఆ మాటతో కూర్చున్నాను. ఆయన ఆ కొలువును నిజంగానే స్వీకరించాడు. లారీ కిలీనర్లు చేసినట్టే స్కూటర్ పక్క రేకు మీద అరచేత్తో చరిచి "రైట్, రైట్" అంటే తప్ప నేను గేరు వేయకూడదు. పసుపు మార్కెట్ ముందు హమాలీలు చూసి నవ్వేవాళ్ళు. మామ వాళ్ళవైపు చూడను కూడా చూడలేదు.

దసరా దాకా బండి బాగానే నడిచింది. తరవాత నీరసం మొదలైంది. తోకలాగా పొగ, దారిలో మిట్ట ఎక్కు వస్తే ఏడుపు. ప్లగ్గు విప్పిన ప్రతిసారీ నల్లగా, జిడ్డుగా ఉండేది. నేను రుద్దడం, అది మళ్ళీ నల్లబడడం. కొత్త ప్లగ్గు వేశాను, జెట్ ఊదాను, గాలి ఫిల్టర్ కడిగాను. పసుపు కళ్ళాల దుమ్మే కారణమనుకుని బండికి గుడ్డ కప్పాను. నాకు తెలిసిన వైద్యమంతా అయిపోయింది.

మాఘమాసంలో ఒక బుధవారం ముప్కాల్ ఇవతలి ఎక్కు మీద బండి పూర్తిగా ఆగిపోయింది. ఎండలో మామ తోశాడు, నేను తోశాను. ఊరు చేరేసరికి మంచు నీళ్ళయింది, పిల్లల్నెత్తుకుని పొద్దుననగా వచ్చిన తల్లులు కైకిలికి, కూలి పనులకు వెళ్ళిపోయారు. మందంతా పారబోశాం. మా డాక్టరుగారు కోపిష్ఠి కాదు. అందుకే ఆయన మాట ఎక్కువ గుచ్చుకుంది. వచ్చే బుధవారం కూడా ఇట్లాగే అయితే ఆ ఊళ్ళను జీపున్న ఇంకో కేంద్రానికి అప్పగిస్తామని, నన్ను ఆఫీసులో కూర్చోబెడతామని చెప్పాడు. ఆ ఊళ్ళ పిల్లలు సగంమంది నా చేతి సూదికి ఏడ్చినవాళ్ళే. వాళ్ళను వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

మెకానిక్ పెళ్ళికని ఊరెళ్ళాడు, మా ఆయన సాంగ్లి దారిలో ఉన్నాడు. ఇక నేనే మిగిలాను. మంగళవారం సాయంత్రం గోనెసంచి పరిచి బండిని పక్కకు వంచి, ఇంతవరకు ముట్టని సైలెన్సర్ విప్పాను. పొగ బయటికి పోయే గొట్టం వేలు పట్టనంత పూడుకుపోయింది. వంచితే నల్లటి నూనె ధారగా కారింది. ఇటువంటి స్కూటర్లలో పెట్రోలులోనే కొంచెం ఇంజన్ ఆయిల్ కలిపి పోయించుకోవాలి. ఆ కొంచెం ఎక్కువైతే కాలక మసిగా పేరుకుంటుంది. నాకు అప్పుడు అర్థమైంది, ఇది దుమ్ము పని కాదు, నూనె పని.

"పంపు కాడి పోరగాడు ఇష్టమొచ్చినట్టు ఆయిల్ కలుపుతున్నడు మామా. రేపు వాని సంగతి చెప్త" అన్నాను.

మామ లేచాడు. కొట్టంలోకి పోయి ఒక సీసాతో వచ్చాడు. అందులో ఇంజన్ ఆయిల్ అడుగున కొంచెం మిగిలి ఉంది.

"వాన్ని ఏమనకు బిడ్డా. గీ పని నాదే. మంగళారం మంగళారం నేనే పోస్తున్న. ఇరుసుకు కందెన పెట్టకుండ బండి కడుతరా? నువ్వు ఆడపిల్లవు, దారిల బండి పట్టేస్తె ఎట్లని..."

ఆయన సీసాను గోనెసంచి మీద పెట్టాడు. ఎడ్లబండి తోలిన రోజుల్లో ప్రయాణానికి ముందు ఇరుసుకు కందెన పెట్టనిదే కాడి ఎత్తని మనిషి. కోడలి బండికి కూడా అదే చేశాడు, కాకపోతే ట్యాంకులో పోశాడు. నాకు నవ్వు రాలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను ఊళ్ళు తిరుగుతుంటే నా మీద ఇంత బెంగ పెట్టుకున్న మనిషి ఇంట్లోనే ఉన్నాడని నాకు తెలియదు.

వద్దంటే ఆయన మళ్ళీ బండి వైపు రాడు. అది నాకు తెలుసు. అందుకని నా అరచెయ్యి చూపించాను. క్లచ్ వైరు బిగుసుకుపోయి, నొక్కీ నొక్కీ బొబ్బలెక్కి ఉంది.

"మామా, గీ బండికి కందెన కడుపుల గాదు, నరాలకు పెట్టాలె. గీ తీగెలకు పెట్టుండ్రి, నా చెయ్యి బతుకుతది" అన్నాను.

ఆయన నా అరచేతిని చూసి "అయ్యో" అని మాత్రం అన్నాడు.

సైలెన్సర్‌లోని మసి పోవాలంటే నిప్పుల్లో కాల్చాలి. ఆ రోజు మా పొలంలో పసుపు ఉడకబెడుతున్నారు. కొమ్ములు ఉడికే పెద్ద కొప్పెర కింది పొయ్యికి కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి ముట్టిస్తారు, చెప్పులతో దగ్గరికి పోనివ్వరు. నేను అడగడానికి వెనకాడాను. మామే చివరి కొప్పెర దింపించి, దండం పెట్టుకుని, ఆ జిడ్డు గొట్టాన్ని తన చేత్తో నిప్పుల్లో పెట్టాడు.

"పిల్లల మందు మోసే బండి. పొయ్యేమనుకోదు" అన్నాడు.

గొట్టం ఎర్రబడేదాకా కాల్చి, చల్లారాక కర్రతో కొడితే మసి పెచ్చులు పెచ్చులుగా రాలింది. నేను సైలెన్సర్ బిగిస్తుంటే ఆయన కోడి ఈకతో క్లచ్ తీగె పొడవునా నూనె పూశాడు. ట్యాంకులో పాత పెట్రోలు తీసేసి కొత్తది పోయించాను.

మరుసటి రోజు ఆ ఎక్కు దగ్గర నేను ఊపిరి బిగపట్టాను. బండి ఆగలేదు. వెనక నుంచి "రైట్, రైట్" అని గట్టిగా వినబడింది. ఊళ్ళో పెట్టె తెరిస్తే మంచు ఇంకా గడ్డగానే ఉంది. ఆ ఊళ్ళు నా బదిలీ దాకా నా దగ్గరే ఉన్నాయి. తరవాత కాళ్ళ దగ్గర పెట్టెకు ఒక ఇనుప చట్రం వెల్డింగు చేయించాం, మామకు ఊళ్ళు తిరిగే పని తప్పింది. మంగళవారం తీగెలకు నూనె పెట్టడం మాత్రం ఆయన పోయేదాకా మానలేదు.

ఈ సంఘటన నా ఉద్యోగానికి పనికొచ్చింది. మా వైపు తల్లులు టీకా వేసిన చోట పసుపు, నూనె కలిపి రుద్దుతారు. పుండు చీము పడుతుంది. "ఏం చేసినవు?" అని అడిగితే ఏమీ చేయలేదనే అంటారు. అప్పటినుంచి నేను "పిల్లకు నొస్తదని ఇంకేం పెట్టినవమ్మా?" అని అడగడం మొదలుపెట్టాను. దాపరికం లేకుండా చెప్పేవాళ్ళు. పసుపు పెట్టవద్దని చెప్పి ఊరుకునేదాన్ని కాదు. ఆ చోట ఈగ వాలకుండా చూడమని, మెత్తటి నూలు చొక్కా తొడగమని చెప్పేదాన్ని. కొత్తగా చేరిన నర్సమ్మలకు కూడా అదే నేర్పాను. ప్రేమతో చేసే పనిని మాన్పించాలంటే, ఆ చేతికి ఇంకో పని చూపించాలి.