అరవడం మరిచిన మనిషి

ఎనభైల్లో ఒక సంతరోజు, ఒరిస్సాలోని బిస్సమ్ కటక్‌లో రాయగడ బస్సెక్కాను. అప్పుడు బీయస్సీ చదువుతున్నాను. బస్సు ఇంకా కదలకముందే నలుగురు వ్యాపారులు ఎక్కి నా పక్కన కూర్చున్న మనిషిని కొట్టడం మొదలుపెట్టారు. వాళ్ళ గంపలోంచి కోడిపుంజు పోయిందట, ఇతనే తీశాడట. చేతికర్రతో కొడుతుంటే అతని ముంజేతి ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. అతను మూలగను కూడా లేదు, కర్ర వంకే చూస్తూ కూర్చున్నాడు.

"ఏటి పొగరు ఈడికి! ఇంకా ఎయ్యండ్రా!" అన్నాడొకడు.

తల పగిలి రక్తం కంట్లోకి కారాక, ఏదో గుర్తొచ్చినట్టు అతను "అమ్మో, సచ్చిపోతన్నాను!" అని కేకపెట్టాడు. వెంటనే వాళ్ళు కొట్టడం ఆపి దిగిపోయారు.

బస్సు కదిలాక తనే చెప్పాడు. "పుట్టినకాడినుంచీ నాకు నొప్పి తెల్దమ్మీ. దెబ్బ పడితే సాలు, అరవమని మాయమ్మ నేర్పింది. అరిస్తేనే ఆపుతారంట. ఈయేల మర్సిపోనాను."

ఆ చెయ్యి నా ముందు పెట్టి, "ఇరిగిందేటో సూసి సెప్పమ్మీ," అన్నాడు.

నరాల్లో సోడియాన్ని లోపలికి వదిలే సన్నటి తలుపులుంటాయి. వాటిలో ఒక రకం పుట్టుకతోనే పనిచెయ్యకపోతే మనిషికి నొప్పి తెలియదు. తర్వాత నా పరిశోధనంతా ఆ తలుపు మీదే గడిచింది. నొప్పి ఎందుకని విద్యార్థులు అడిగితే, ఒంటిని కాపాడడానికని చెబుతాను.

ఆ రోజు చివరి దెబ్బదాకా నేనూ అరవలేదు. నాకు తలుపులన్నీ బాగానే పనిచేస్తాయి.