విడిగా పెట్టిన చట్టి

పక్కింటి పిన్నమ్మ పోయింది. పొద్దున నేను దోసెల పిండి కలుపుతుంటే ఆమె కొడుకు ప్రహరీ గోడ మీదుగా తల పెట్టి, "అక్కా, మాయమ్మ పాయె. నిద్దట్లోనే పాయె" అన్నాడు.

పిండి చేతులతోనే పరిగెత్తాను. రోజూ మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చినట్టే, గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. బాగా ఏడ్చాను. ఏడుస్తూనే ఒక పక్క నాకు ఊరట కూడా కలిగింది. దాచుకోవడం ఎందుకు? ముందు రోజు చేపలమ్మే అతనితో బేరమాడి, అతని మీద అరిచి, కొడుక్కీ కోడలికీ తనే వడ్డించి, నా పాలగిన్నె కడిగి గోడ మీద పెట్టి మరీ పోయింది. మంచాన పడితే ఎవరో ఒకరు నోట్లో అన్నం పెట్టాల్సి వస్తుందేమోనన్న భయం తప్ప ఆమెకు వేరే భయం ఉండేది కాదు. ఆ భయం నిజం కాకుండానే వెళ్ళిపోయింది.

గిద్దలూరులో మా రెండిళ్ళకూ నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. మాది గొర్రెలూ మేకలూ ఉన్న ఇల్లు, వాళ్ళది సాయిబుల ఇల్లు. నేను కాపురానికి వచ్చేసరికే ఈ వరసలు కలిసి ఉన్నాయి. ఆమె పిన్నమ్మ, ఆమె భర్త చిన్నాయన. మా ఇంట్లో పుట్టెంట్రుకలకో, పెళ్ళికో పొట్టేలును కోయాలంటే చిన్నాయనే రావాలి. ఆయన బిస్మిల్లా చెప్పి కోస్తే అది హలాల్, అప్పుడే వాళ్ళ వీధి వీధంతా మా పందిట్లో కూర్చుని తింటుంది. చిన్నాయన పోయాక ఆ పని కొడుక్కి వచ్చింది. అమ్మవారి జాతరకు కొట్టిన పొట్టేలు మాత్రం గోడ దాటదు. వేరే దేవుడికి ఇచ్చింది వాళ్ళు తినరు. ఆ రోజు నేను మొహమాటపడకుండా పిన్నమ్మే ముందుగా గోడ దగ్గరికి వచ్చేది. "అమ్మోరిది మీరు తినండి. నాకొక చెంబు మజ్జిగ పంపియ్, చాలు."

ఆమె ఎప్పుడూ కూర నాలుకకు రాసుకుని ఉప్పు చూసేది కాదు. రంజాన్ నెలలో నోట్లో వేసుకోకూడదు కదా, అందుకని వాసనతోనే చెప్పడం అలవాటు చేసుకుంది. ఉడుకుతున్న కూర మీద మూత తీసి, కళ్ళు మూసుకుని, "ఇంకొంచెం పడల్ల" అనేది. నేను ఎన్నిసార్లు చూసినా ఆ విద్య నాకు పట్టుబడలేదు. మా ఆయన నా వంట తినేటప్పుడల్లా పిన్నమ్మ ముక్కు గుర్తు చేసి నన్ను ఏడిపిస్తాడు.

కొన్నేళ్ళ కిందట మా మేడ మీది గదిలోకి ఒక నర్సమ్మాయి అద్దెకు వచ్చింది. గుంటూరు అవతల ఏదో పల్లె, ఇక్కడ ఆసుపత్రిలో ఉద్యోగం. ఆ పిల్ల శనివారం పొయ్యి వెలిగించేది కాదు. మేమంతా ఒక్కపొద్దు అనుకున్నాం. వెంకటేశ్వరస్వామి మీద ఇంత చిన్న వయసులో ఎంత భక్తో అని మా వీధి ఆడవాళ్ళం తెగ మెచ్చుకున్నాం. నేనైతే ఒక శనివారం సాయంత్రం కొబ్బరిచిప్ప కూడా ఇవ్వబోయాను. ఆ పిల్ల నవ్వాపుకోలేక మెట్ల మీద కూర్చుండిపోయింది. "ఆంటీ, మేం యూదులమండీ. మాకు శనివారం విశ్రాంతి రోజు."

తెలుగు మాట్లాడే యూదులుంటారని నాకు అప్పటిదాకా తెలియదు. గుంటూరు వైపు కొన్ని కుటుంబాలు ఉన్నాయట. పిన్నమ్మకు మాత్రం ఆ మాట కొత్త కాదు. "యహూదీలా? మూసా నబీ వాళ్ళు గదా! మాకూ ఆయన ప్రవక్తే" అని, చుట్టం దొరికినట్టు సంబరపడింది.

ఆ సంబరం బక్రీదు దాకానే. పండగనాడు మూడు ఇళ్ళకు మాంసం పంపింది. మేడ మీదికి పంపిన పళ్ళెం మాంసంతోనే, పైన నాలుగు అరటిపళ్ళు పెట్టుకుని, తిరిగి వచ్చింది. పిన్నమ్మ ముఖం చిన్నబోయింది. ఆమె చేతి కూడు వద్దన్న మనిషి గిద్దలూరులో అప్పటిదాకా లేరు.

"నా ఇల్లేమన్నా మురికా? హలాల్ మాంసమే గదా పంపితిని! నా కొడుకే కోసినాడు!"

ఆ సాయంత్రం మేడ మెట్ల మీద పంచాయితీ జరిగింది. కింది మెట్టు మీద పిన్నమ్మ, పై మెట్టు మీద ఆ పిల్ల, మధ్యలో నేను. ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. వాళ్ళు తినదగినదాన్ని కోషర్ అంటారట. పంది వద్దు, నెత్తురు వద్దు, చచ్చినదాన్ని ముట్టకూడదు, పదునైన కత్తితో గొంతు దగ్గరే కోయాలి, దేవుణ్ణి తలుచుకోవాలి. ప్రతి మాటకూ పిన్నమ్మ "మాకూ అంతే", "మాకూ అదే" అంటూ ఒక్కో మెట్టూ పైకి జరుగుతోంది.

"అయితే ఇంకేం, తినేదానికేం?"

"అక్కడే ఉంది మామ్మగారూ. కోసేవాడు మావాడే అయ్యుండాలి, ఆ పని నేర్చుకుని ఉండాలి. కోయకముందూ కోశాకా కత్తికి చిన్న గాటు కూడా లేదని చూసుకోవాలి. ఊపిరితిత్తులు బాగున్నాయో లేదో చూడాలి. తర్వాత మాంసాన్ని నీళ్ళలో నానబెట్టి, ఉప్పు పట్టించి, మిగిలిన నెత్తురంతా పోయేదాకా ఉంచాలి. మా ఇంట్లో అదంతా మా తాత చూసేవాడు. ఆయన పోయాక మేం మాంసమే మానేశాం. ఆయనకు మాటిచ్చాను."

"పోనీ నీ ఎదురుగ్గానే ఉప్పు పట్టిస్తా. పెరుగేసి బిర్యానీ చేస్తా."

"మాంసం, పెరుగు కలపకూడదు మామ్మగారూ. గిన్నెలు కూడా వేరే."

"పెరుగు లేకుండా బిర్యానీనా! ఏందే నీ కష్టం!" అని పిన్నమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది. కోపం పోయి ఆ పిల్ల మీద జాలి పుట్టుకొచ్చింది.

తర్వాత మసీదులో నమాజు చేయించే హజరత్‌ను అడిగి ఇంకో చిక్కు మోసుకొచ్చింది. యూదులు దేవుడి పేరు చెప్పి కోసింది సాయిబులు తినొచ్చట. సాయిబులు కోసింది మాత్రం యూదులకు పనికిరాదు. "మేం వాళ్ళది తినొచ్చంట, వాళ్ళు మాది తినగూడదంట. ఇదేం లెక్క?" అని నన్ను నిలదీసింది, ఆ లెక్క నేనేదో రాసినట్టు. మనసులో కష్టంగానే ఉంది ఆమెకు. ఇంటి పక్కన ఒక పిల్ల ఒంటరిగా, దినామూ కూరగాయలు ఉడకేసుకుని తింటుంటే పిన్నమ్మకు ముద్ద దిగేది కాదు. ఆ పిల్లకు తన చేత్తో ఒక్క పూట పెట్టాలి. కానీ ఆ పిల్ల మాట తప్పకుండా పెట్టాలి. అదే పట్టుకుంది.

దారి చేపలో దొరికింది. చేపకు కోత లేదు, రెండు మతాల్లోనూ. యూదులు తినాలంటే చేపకు రెక్కలూ పొలుసూ ఉండాలి, అంతే. రొయ్యలు పిన్నమ్మ తింటుంది, ఆ పిల్ల తినదు. ఒక శుక్రవారం చేపలమ్మే అతను కంభం చెరువు చేపలు మోపెడ్ మీద తెస్తే పిన్నమ్మ బుట్టలో చేయి పెట్టి ఒక్కొక్కదాన్నీ వేలితో రుద్ది చూసింది.

"వాలుగ పెద్దమ్మా, ముల్లు తక్కువ. అందరూ ఇదే అడుగుతారు."

"ఇది నున్నగుంది. పొలుసుండేది తియ్రా. ఈ దినం నాక్కాదు."

శీలావతి చేప కొంది. కొత్త చట్టి, కొత్త చెక్క గరిటె తెచ్చింది. ఉప్పూ కారం నూనె, ఆఖరుకు కత్తి కూడా మేడ మీదివే. లోపలి గ్యాసు మీద కొడుక్కి మటన్ ఉడుకుతోందని, పెరట్లో మూడు రాళ్ళు పెట్టి పులుసు ఎక్కించింది. నేను గోడకు ఆనుకుని చూస్తున్నాను. లోపలికీ బయటికీ తిరుగుతూ, మాటల్లో పడి, మటన్ కలిపిన గరిటె చేత్తో పట్టుకొచ్చి, పులుసులో పెట్టి ఒక్క తిప్పు తిప్పింది.

"యా అల్లా" అని ఆగిపోయింది.

"ఏం కాదులే పిన్నమ్మా, ఒక్కసారే గదా. ఆ పిల్లకేం తెలుస్తాది?" అన్నాను. పులుసు అంత బాగా ఘుమఘుమలాడుతోంది మరి.

పిన్నమ్మ నా వైపు చూసింది. కోప్పడలేదు. "ఆ పిల్లకు తెలీదు. నాకు తెలిసె గదా. రేపు నా కొడుకు యాడికో పోయి, ఇది హలాలేనా అని అడిగితే, పెట్టేవాళ్ళు కూడా ఇట్లే అనుకుంటే?"

చట్టిని గుడ్డతో పట్టుకుని అట్లాగే గోడ మీదుగా నాకు ఇచ్చేసింది. ఆ రాత్రి మా ఇంట్లో అందరం వేళ్ళు నాకాం. మెట్లు దిగి వచ్చిన పిల్లతో పిన్నమ్మ, "ఈ వారం కుదర్లేదే, వచ్చే శుక్రారం పెడతా" అంది. ఆ పిల్ల "అలాగే మామ్మగారూ" అని తల వంచుకుని పైకి వెళ్ళిపోయింది.

మరుసటి శుక్రవారం ఇంకో చట్టి వచ్చింది, ఇంకో చెక్క గరిటె, తోమడానికి విడిగా ఒక పీచు ముక్క. ఆ పిల్ల మొదటి ముద్ద తినేదాకా పిన్నమ్మ పక్కనే నిలబడింది. ఆ పిల్ల రెండోసారి అన్నం పెట్టించుకుంది. అప్పుడు పిన్నమ్మ నా వైపు తిరిగి నవ్విన నవ్వు ఉందే, ఆ నవ్వు నేను మా పిల్లల పెళ్ళిళ్ళలో కూడా చూడలేదు.

అప్పటి నుంచి అది వారవారం పద్ధతైంది. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక పులుసు పెట్టేది, పొద్దు గూకేలోగా మేడ మీదికి పంపేది. శనివారం ఆ పిల్ల పొయ్యి వెలిగించదు. చేపల పులుసేమో మర్నాటికే రుచి. "మీ దేవుడు అన్నీ తెలిసే పెట్టినాడే శనివారం" అని పిన్నమ్మ ఆటపట్టించేది. నా ఒక్కపొద్దు నాడు మాత్రం ఆ వాసన నన్ను చంపేది.

తర్వాత ఆ పిల్లకు ఒంగోలులో ఉద్యోగం వచ్చింది. వెళ్ళిపోయింది. చట్టి మాత్రం పిన్నమ్మ వంటింటి గూట్లో, పాత తెల్ల దుపట్టాలో చుట్టి, అట్లాగే ఉంది. "ఇంకెవరికి పిన్నమ్మా అది? నాకియ్యరాదా" అంటే, "ఉండనీ. ఆ పిల్ల ఆకలితో బస్సు దిగితే, అప్పుడు పోయి కొనేదా?" అనేది.

బస్సు దిగింది. నేను పంపిన కబురు అందుకుని, పిన్నమ్మను మట్టి చేసిన మర్నాడు. సాయిబుల ఇంట్లో చావు జరిగితే మూడు రోజులు పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగే తెచ్చి పెడతారు. మొదటి రోజు నేను అన్నం పప్పు పంపాను. ఆ పిల్ల దారిలో కంభంలో దిగి, చేపలు కొనుక్కుని మరీ వచ్చింది. "మాలో కూడా అంతే ఆంటీ. చావింట్లో మొదటి కూడు పక్కవాళ్ళదే" అంది. మా ఇళ్ళలోనూ అంతే కదా అనుకున్నాను. పిన్నమ్మ ఉంటే "మాకూ అదే" అని ఒక మెట్టు పైకి జరిగేది.

కోడలు గూట్లోంచి చట్టి తీసి ఇచ్చింది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు కదా, అవే మూడు రాళ్ళు మా పెరట్లోకి తెచ్చి ఆ పిల్ల పులుసు కాచింది. ఆ ఇంట్లోవాళ్ళు, నేను, ఆ పిల్ల, అందరం అదే తిన్నాం. సగం తిన్నాక ఆ పిల్ల చేయి ఆపింది.

"ఆంటీ, ఆ రోజు నేను మెట్ల మీదే ఉన్నాను."

"ఏ రోజు?"

"మామ్మ వేరే గరిటె పెట్టిన రోజు. పైనుంచి చూశాను. కిందికి ఎట్లా రావాలి, ఆ ముఖం చూసి వద్దని ఎట్లా చెప్పాలి అనుకుంటున్నాను. అంతలో మామ్మ చట్టి తీసి మీకిచ్చేసింది. ఆ తర్వాత ఈ ఇంట్లో నాకేం పెట్టినా, ఇదేంటని నేనెప్పుడూ అడగలేదు."

పిన్నమ్మ కొడుకు కళ్ళు తుడుచుకుని, ఇంకొంచెం పులుసు వేసుకున్నాడు.

అన్నాలయ్యాక కోడలు చట్టి కడగడానికి తీసుకుంది. తొట్టి దగ్గర రోజూ గిన్నెలు తోమే పీచు మీదికి చేయి పోయింది, ఆగింది. లేచి లోపలికి వెళ్ళి, దుపట్టా మడతలోంచి ఆ విడి పీచు ముక్క తెచ్చుకుని తోమింది. ఎవరూ ఆమెకు చెప్పలేదు. కడిగిన చట్టిని ఎండకు గోడ మీద బోర్లించి, పక్కన చెక్క గరిటె పెట్టింది. సాయంత్రం దాకా అవి అక్కడే, మా రెండిళ్ళ మధ్య, ఆరుతూ ఉన్నాయి.